డాబాలో దాగిన ఎండ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని తెలుగునాట సామెత. మే నెల చివర ప్రవేశించి జూను మొదటి వారము దాటువరకు నిలుచు ఈ కార్తె, బెజవాడవారికి పంచాంగము చూడకయే తెలియును. సామెతలో అతిశయోక్తి లేకపోలేదు. కాని దానిలో కొంత భౌతికశాస్త్రము కూడ ఉన్నది. ఎండలో ఉన్న రాతిరోలు పైపొర ముందుగా కాగి వ్యాకోచించును. లోపలి రాయి అంత త్వరగా కాగదు. పైపొర పెరుగజూచును; లోపొర పెరుగనీయదు. ఈ పెనుగులాట మితిమీరినచో రాయి బీటవారుటలో వింత లేదు. వేడి ఒక వస్తువులోనికి ఒక్కసారిగా ప్రవేశింపదు, తన తీరిక ప్రకారము ప్రవేశించును అను సత్యము ఆ నాలుగు మాటలలో ఇమిడియున్నది.

విజయవాడలో గవర్నర్‌పేట వర్తకమునకు పేరుపడిన ప్రదేశము. ఒక ప్రక్క ఏలూరు రోడ్డు, మరియొక ప్రక్క బందరు రోడ్డు, ఆ రెంటిని కలుపుచు బీసెంటు రోడ్డు. ఎటు చూచినను దుకాణములు, హోటళ్ళు, మేడలు. నగరము మధ్యగా ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ సాగిపోవుచున్నవి. పడమట ఇంద్రకీలాద్రి, దాని పాదమున కృష్ణానది. మే నెల మధ్యాహ్నము రెండు గంటలకు ఈ పేటలో నిలిచిన విద్యార్థి చుట్టును చూచినచో తారురోడ్డు, దుకాణముల ఇనుప తలుపులు, రేకుల షెడ్డులు, డాబాలు, కాలువనీరు, దూరమున కొండరాయి కనబడును. అన్నియు ఒకే సూర్యుని క్రింద ఉన్నవి. కాని అన్నియు ఒకే విధముగా వేడెక్కలేదు. రాత్రి తొమ్మిది గంటలకు మరల వచ్చి చూచినచో అవి ఒకే విధముగా చల్లారనులేదు. మధ్యాహ్నము చేయి కాల్చిన ఇనుప తలుపు చల్లబడియుండును. మధ్యాహ్నము ఇంటిలోపల అంతగా తెలియని డాబా వేడి, రాత్రి సెగవలె దిగుచుండును. ఏ వస్తువు వేడిని ఎంత గ్రహించును, ఎంత దాచుకొనును, ఎప్పుడు తిరిగి ఇచ్చును అను పాఠమునకు ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకదు.

ఈ పాఠము మార్కుల కొరకు మాత్రమే నేర్వదగినది కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యిమందికి మించి మరణించిరి. 2002, 2003 సంవత్సరముల వేసవులలోను తెలుగుదేశము ఇట్టి విపత్తునే చూచినది. వడదెబ్బ అనగానే మధ్యాహ్నపు ఎండయే స్ఫురించును. కాని పగలంతయు వేడికి అలసిన శరీరము రాత్రి చల్లదనములో తేరుకొనవలెను. రాత్రియు గది చల్లబడనిచో ఆ అవకాశము పోవును. వృద్ధులకు, పసిపిల్లలకు, రోగులకు అది ప్రాణాపాయము కాగలదు. పగటి వేడి సూర్యునివలన వచ్చునని అందరికి తెలియును. సూర్యుడు అస్తమించిన నాలుగు గంటలకు గదిలోనికి వచ్చు వేడి ఎక్కడిది? దీనికి సమాధానము చెప్పగలిగిన విద్యార్థియే ఈ పాఠమును నిజముగా నేర్చినవాడు.

వేడి వేరు, వేడిమి కొలత వేరు

తరగతిలో ఈ పాఠము సాధారణముగా నిర్వచనముతో మొదలగును. ఒక గ్రాము పదార్థము ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెంచుటకు కావలసిన ఉష్ణరాశిని ఆ పదార్థపు విశిష్టోష్ణము అందురు. పిమ్మట పట్టిక వచ్చును: నీటికి 1 కేలరీ, వంటనూనెకు సుమారు 0.5; అల్యూమినియమునకు 0.21, ఇసుక, రాయి, ఇటుకలకు సుమారు 0.2, ఇనుమునకు 0.11, రాగికి 0.09, సీసమునకు 0.03. నేటి పాఠ్యపుస్తకములలో కేలరీకి బదులు జౌలు ప్రమాణముగా వచ్చినది. ఒక కేలరీ 4.18 జౌళ్ళకు సమానము. ప్రమాణము మారినను వస్తువుల తారతమ్యము మారదు. విద్యార్థి ఈ పట్టికను కంఠస్థము చేయును, లెక్కలు కట్టును, మార్కులు తెచ్చుకొనును.

అయినను అతని మనస్సులో ఒక పాత భ్రమ చెక్కుచెదరక నిలిచియుండును. ఎక్కువ వేడిగా తగులు వస్తువులో ఎక్కువ వేడి ఉన్నదని ఆ భ్రమ. దీనికి మూలము చేతిస్పర్శ. పుష్యమాసపు ఉదయమున తరగతిలోని బల్లచెక్కను, బల్లకున్న ఇనుప కాలును తాకినచో ఇనుము చల్లగా తోచును. మే నెలలో గది 44 డిగ్రీలకు చేరిననాడు అదే ఇనుము చెక్కకంటె వేడిగా తోచును. రెండు సందర్భములలోను ఆ రెండు వస్తువులు ఒకే గదిలో ఒకే ఉష్ణోగ్రతయందు ఉన్నవి. ఇనుము వేడిని వడిగా నడిపించును. చేయి వెచ్చగా ఉన్నప్పుడు చేతినుండి వేడిని లాగుకొనును. తాను వెచ్చగా ఉన్నప్పుడు చేతికి వేడిని అందించును. చెక్క ఈ రెండు పనులను మందకొడిగా చేయును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి వంటి తేలిక కొయ్య మరింత మందకొడి. కావున చేయి తెలుపునది వస్తువులోని వేడి పరిమాణమును కాదు. వేడి చేతిలోనికో, చేతినుండియో పోవు వేగమును మాత్రమే.

ఇందువలన ఈ పాఠమును మూడు ప్రశ్నలుగా విడదీయుట మేలు. వస్తువు ఎండను ఎంత గ్రహించును? గ్రహించిన వేడి లోపలికి ఎంత వేగముగా నడుచును? నడిచిన వేడిలో ఎంత నిలువచేయగలదు? మొదటిది పైభాగపు రంగును, స్వభావమును బట్టి యుండును. రెండవది ఉష్ణవాహకత్వము. మూడవది విశిష్టోష్ణముతోపాటు వస్తువు బరువును బట్టి యుండును. ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలననే విద్యార్థులకు చిక్కులు కలుగుచున్నవి.

గిన్నెలో నూనె, నీటిలో మేకులు

మూడవ ప్రశ్నను చూపుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. రెండు సమానమైన గిన్నెలు, ఒక ఉష్ణమాపకము, త్రాసు, చిన్న పొయ్యి చాలును. ఒక గిన్నెలో పావుకిలో నీరు, మరియొక దానిలో పావుకిలో నువ్వులనూనె పోసి, ఒకే సన్నని మంటమీద ఒకదాని తరువాత ఒకటి సమానమైన కాలము ఉంచవలెను. నీరు 15 డిగ్రీలు పెరుగునంత కాలములో నూనె దాదాపు రెట్టింపు పెరుగును. నూనెను ఉపాధ్యాయుడే కాచవలెను. 60 డిగ్రీలు దాటనీయరాదు. పొయ్యి రెంటికిని ఇంచుమించు సమానముగనే వేడి నిచ్చినది. అంకె మాత్రము వేరుగా వచ్చినది. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అను మాట ఇచ్చట కంటికి కనబడును.

రెండవ ప్రయోగము ఇంకను ఆశ్చర్యము గొల్పును. ముందుగా 200 గ్రాముల మరుగుచున్న నీటిని, 30 డిగ్రీలలో ఉన్న 200 గ్రాముల చన్నీటితో కలిపినచో ఎంత వచ్చునని అడుగవలెను. 100కును 30కిని నడిమి అంకె 65. కలిపి చూచినచో దానికి దగ్గరగానే వచ్చును. గిన్నెకును గాలికిని పోయిన వేడివలన కొంత తగ్గును. పిమ్మట 200 గ్రాముల ఇనుప మేకులను మూటగట్టి మరుగునీటిలో కొంతసేపు ఉంచి, 30 డిగ్రీలలో ఉన్న 200 గ్రాముల నీటిలో వేయవలెను. వేయుటకు ముందు ప్రతి విద్యార్థియు తన ఊహను పలకమీద వ్రాయవలెను. అనేకులు 65 అని వ్రాయుదురు. ఇనుము నీటికంటె ఎక్కువ కాలునని నమ్మినవారు 70 అని కూడ వ్రాయుదురు. ఉష్ణమాపకము చూపునది సుమారు 37 మాత్రమే.

ఆ క్షణమున తరగతిలో నెలకొను నిశ్శబ్దమే ఈ పాఠమునకు ప్రాణము. ఉపాధ్యాయుడు వెంటనే సమాధానము చెప్పరాదు. మేకులు 100 డిగ్రీలనుండి 37కు దిగినవి, అనగా 63 డిగ్రీలు పోగొట్టుకొన్నవి. అంతే బరువుగల నీరు పొందినది 7 డిగ్రీలు. పోయిన వేడియు వచ్చిన వేడియు ఒక్కటే. 7ను 63తో భాగించినచో 0.11 వచ్చును. పట్టికలో ఇనుమునకు ఎదురుగా ఉన్న అంకె అదియే. అంతవరకు కంఠస్థము చేయవలసిన భారముగా ఉండిన అంకె, అప్పుడు విద్యార్థి స్వయముగా కనుగొన్న సత్యమగును.

విద్యార్థుల నోటుపుస్తకములలో నిలిచిన శాస్త్రము

ఈ మేకుల చిక్కు ఒకప్పుడు ఐరోపా పండితులనే తికమక పెట్టినది. పదునెనిమిదవ శతాబ్ది మొదటి భాగమున, ఉష్ణమాపకముల నిర్మాణములో ప్రసిద్ధుడైన ఫారన్‌హీట్, హాలండు దేశపు ఆచార్యుడు బోర్హావే కోరికపై వేర్వేరు ఉష్ణోగ్రతలలో ఉన్న నీటిని, పాదరసమును కలిపి చూచెను. సమానమైన కొలతలు కలిపినప్పుడు నడిమి ఉష్ణోగ్రత రాలేదు. ఫలితము నీటివైపే మొగ్గినది. పాదరసము నీటికంటె 13 రెట్లకు పైగా బరువైనది. బరువును బట్టి వస్తువులు వేడిని పంచుకొనునన్నచో పాదరసమే నెగ్గవలసియుండెను. కొలతను బట్టి పంచుకొనునన్నచో సరిగా నడిమి అంకె రావలసియుండెను. రెండును జరుగలేదు.

గ్లాస్గో విశ్వవిద్యాలయమున బోధించుచుండిన జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతమున దీని అంతరార్థమును గ్రహించెను. వేడిని పట్టుకొను శక్తి ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క విధముగా ఉండునని, దానిని బరువుచేతగాని పరిమాణముచేతగాని ఊహింపలేమని, ప్రయోగము చేసియే తెలిసికొనవలెనని ఆయన బోధించెను. మంచు కరగునప్పుడును, నీరు ఆవిరియగునప్పుడును ఉష్ణోగ్రత పెరుగకయే వేడి లోనికి పోవునని చూపి, దానికి గుప్తోష్ణమని పేరు పెట్టినది కూడ ఆయనయే. అదే విశ్వవిద్యాలయమున పరికరములు బాగుచేయుచుండిన జేమ్స్ వాట్, ఆవిరి విషయములో తనకు కలిగిన సందేహమును బ్లాక్ ఎదుట ఉంచి సమాధానము పొందెను.

ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి కలదు. బ్లాక్ తన ఉష్ణసిద్ధాంతమును గ్రంథముగా ప్రకటింపలేదు. తరగతిలో చెప్పెను, ప్రయోగములు చేసి చూపెను, విద్యార్థులు వ్రాసికొనిరి. ఆ వ్రాతప్రతులు చేతులు మారుచు వ్యాపించినవి. 1799లో ఆయన గతించిన పిదప, ఆయన శిష్యుడు జాన్ రాబిసన్ ఆ ఉపన్యాసములను కూర్చి 1803లో అచ్చువేయించెను. భౌతికశాస్త్రములో ఒక మూలస్తంభము నలువది సంవత్సరములు తరగతిగదిలోను, విద్యార్థుల నోటుపుస్తకములలోను నిలిచియుండినది.

ఇసుకతిన్నె, కొండరాయి

పట్టికను నేర్చిన విద్యార్థికి కృష్ణాతీరమున ఒక కొత్త చిక్కు ఎదురగును. ఇసుకకును రాతికిని విశిష్టోష్ణము ఇంచుమించు ఒక్కటే, 0.2. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఏటిలో బయటపడు ఇసుకతిన్నె మధ్యాహ్నము అడుగు పెట్టనీయదు. ప్రొద్దు గ్రుంకిన కొలదిసేపటికే హాయిగా కూర్చుండుటకు వీలగును. ఇంద్రకీలాద్రి రాయి మాత్రము రాత్రి చాలసేపటివరకు వెచ్చగానే యుండును. కొండవాలున ఇండ్లు కట్టుకొన్నవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పట్టికలో అంకె ఒకటే అయినప్పుడు నడవడి ఎందుకు మారినది?

ఇక్కడ రెండవ ప్రశ్న ముందుకు వచ్చును. పొడి ఇసుక రేణువుల మధ్య గాలి నిండియుండును. గాలి వేడిని నడిపించుటలో మిక్కిలి బలహీనమైనది. కావున ఎండ వేడి ఇసుకలో పైపొరను దాటి త్వరగా దిగజాలదు. పైపొర నిప్పువలె కాలును. జానెడు లోతు త్రవ్వినచో చల్లగా ఉండును. పైపొరలో చిక్కుకొన్న కొలదిపాటి వేడి రాత్రి ఆకాశమునకు, గాలికి త్వరగా పోవును. రాయి అట్లు కాదు. అది గట్టిగా కలిసియున్న పదార్థము. వేడిని లోలోపలికి కొనిపోవును. పైభాగము ఇసుకయంతగా మండకపోవచ్చును. కాని పగలంతయు లోపలికి చేర్చిన వేడి పెద్ద నిధివలె పోగుపడును. రాత్రి ఆ నిధి కొంచెము కొంచెముగా ఖర్చగును.

ఇసుకను గురించి మరియొక ఉదాహరణము వీథిలోనే దొరకును. వేరుశనగకాయలు వేయించువాడు ఇనుప బాండీలో ఇసుక పోసి కాచి, అందులో కాయలు వేసి కలుపును. ఉత్త బాండీలో వేసినచో కాయ ఒక ప్రక్క మాడును, మరియొక ప్రక్క పచ్చిగా ఉండును. ఇసుక ప్రతి కాయను అన్నివైపుల చుట్టుకొని, తాను దాచిన వేడిని సమముగా అందించును. కొలిమివంటి మంటను కాయకు తగిన వేడిగా మార్చు మధ్యవర్తి ఇసుక. బొరుగులు వేయించువారిదియు ఇదే విద్య. చదువు రానివాడు చేయుచున్న ఈ పనిలో ఎంత శాస్త్రమున్నదో విద్యార్థిచేత చెప్పించుట, పుస్తకములోని అభ్యాసముకంటె మంచి పరీక్ష.

రేకు, పెనము, డాబా

"మాస్టారూ! రేకు ఇనుమే, పెనమూ ఇనుమే కదండీ! రేకు సాయంత్రానికే చల్లారిపోతుంది. పెనం పొయ్యి దింపినా అంతసేపు వేడిగా ఎందుకుంటుందండీ?" అని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు సంతోషింపవలెను. ఆ ప్రశ్నలో బరువు అను అంశము దాగియున్నది. విశిష్టోష్ణము ఒక గ్రామునకు చెందిన అంకె. వస్తువు మొత్తము దాచు వేడి ఆ అంకెను బరువుతో గుణించినప్పుడు వచ్చును. హోటలువారు మందమైన పెనమును కోరుట ఇందుకే. పలుచని పెనముమీద పిండి పోయగానే అది చల్లబడిపోవును. మందమైనది తన నిలువనుండి వేడి నిచ్చి అట్టును సమముగా కాల్చును. బొగ్గుల ఇస్త్రీపెట్టె అంత బరువుగా ఉండుటలోని ఉపయోగ మొకటి ఇదియే.

ఈ లెక్కనే ఇంటి పైకప్పునకు వర్తింపజేసినచో పాఠము గంభీరమగును. సుమారు పది అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవుగల గది పైకప్పు 12 చదరపు మీటర్లు. దానిమీద 12 సెంటీమీటర్ల మందమున కాంక్రీటు వేసినచో దాని బరువు దాదాపు మూడున్నర టన్నులు. కాంక్రీటు విశిష్టోష్ణము సుమారు 0.21. కావున ఆ కప్పు ఒక డిగ్రీ వేడెక్కుటకు 725 కిలోకేలరీలు కావలెను. ఎండకు అది సగటున 15 డిగ్రీలు వేడెక్కినదనుకొన్నచో, అందులో చేరినది దాదాపు 10,900 కిలోకేలరీలు. సుమారు రెండున్నర, మూడు కిలోల ఎండుకట్టెలు మండించినచో వచ్చు వేడి ఇంత. దానిలో కొంత ఆకాశమువైపు పోవును. కొంత రాత్రి గదిలోనికి దిగును.

అదే గదికి అరమిల్లీమీటరు మందముగల ఇనుప రేకు వేసినచో దాని బరువు 47 కిలోలు. ఒక డిగ్రీ వేడెక్కుటకు దానికి 5 కిలోకేలరీలకు కొంచెము ఎక్కువ చాలును. డాబా దాచగల వేడి రేకు దాచగల వేడికి సుమారు 140 రెట్లు. రేకుల ఇల్లు మధ్యాహ్నము కొలిమివలె మండుటకు, ప్రొద్దు గ్రుంకిన అరగంటకే తెరపినిచ్చుటకు కారణ మిదియే. రేకు వేడిని దాచుకొనదు; వచ్చినది వచ్చినట్లు క్రిందికి పంపును. డాబా మధ్యాహ్నపు ఎండను ఆపును. ఆపిన దానిని అప్పుగా ఉంచుకొని రాత్రి తీర్చును. ఇక తాటాకు ఇల్లు ఈ రెంటికిని భిన్నమైనది. ఆకుల పొరల మధ్య గాలి ఉండుటచేత వేడిని నడిపింపదు. తేలికగా ఉండుటచేత నిలువయు చేయదు. అందుచేతనే పగలును రాత్రియు దానిక్రింద ప్రాణము సుఖపడును.

అట్లని తాటాకింటికి మరలిపొండని శాస్త్రము చెప్పదు. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెనలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ రాత్రి కృష్ణా డెల్టాకు గట్టికప్పు విలువ ఏమో తెలిసివచ్చినది. తాటాకునకు నిప్పుభయమును కలదు. డాబా గాలివానలో రక్షించును, వేసవిరాత్రిలో బాధించును. ఇంటిని ఎంచుకొనువాడు రెండు గుణములను ఎరిగి, రెండవదానికి విరుగుడు వెదకవలెను. ఆ విరుగుడు ఈ పాఠములోనే ఉన్నది.

నీరు చేయు మేలు

పదార్థములలో వేడిని మింగి కదలక నిలుచుటలో సాటిలేనిది నీరు. కాలువలు కట్టివేయని దినములలో, తారురోడ్డు కాలుచున్నప్పుడు కూడ కాలువనీరు స్నానమునకు అనువుగనే ఉండును. నీటి విశిష్టోష్ణము రాతికి అయిదింతలు. అదియును గాక ఎండ నీటిలో లోతునకు పోవును, నీరు కదలి వేడిని పంచుకొనును, పైన కొంత ఆవిరియై చల్లబరచును. ఇదే సంగతి పెద్ద యెత్తున సముద్రముదగ్గర కనబడును. విజయవాడకు బందరు సుమారు 70 కిలోమీటర్ల దూరమున ఉన్నది. సముద్రము పగటి ఎండకు ఏమంతగా వేడెక్కదు, నేల వేడెక్కును. అందువలన మధ్యాహ్నమునకు సముద్రముమీది చల్లగాలి నేలమీదికి వచ్చును. బందరులో మే నెల పగళ్ళు విజయవాడకంటె సాధారణముగా కొంత ఓర్వదగినట్లు ఉండుటకు కారణ మిది. పడమటిగాలి బలముగా వీచి సముద్రపు గాలిని రానీయని దినమున బందరును మండిపోవును.

నీటి గుణము ఎల్లప్పుడు మేలే చేయునని తలపరాదు. డాబామీది తొట్టిలో వేయి లీటర్ల నీరు 10 డిగ్రీలు వేడెక్కినచో అందులో చేరునది 10,000 కిలోకేలరీలు. పైని లెక్కలో గది కప్పు మొత్తము దాచిన వేడికి ఇది ఇంచుమించు సమానము. రాత్రి పదిగంటలకు కుళాయి త్రిప్పినను వేడినీరు వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది?

నీటికి మరియొక శక్తి కలదు. అదియే బ్లాక్ చెప్పిన గుప్తోష్ణము. వేసవి ఉష్ణోగ్రతలో ఒక కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీలు కావలెను. మట్టికుండలోని నీరు చల్లబడుట, వట్టివేళ్ళ తడికపై నీరు చల్లినప్పుడు గది చల్లబడుట దీనివలననే. సాయంకాలము డాబామీద నీళ్ళు చల్లు ఆచారమునకును అర్థ మిదియే. పది లీటర్ల నీరు పూర్తిగా ఆవిరియైనచో 5,800 కిలోకేలరీలను కొనిపోవును. రెండు బొక్కెనల నీటికి గది కప్పులోని వేడినంతను తీసికొనిపోగల సామర్థ్యమున్నది. ఆ వేడి అంతయు కప్పునుండియే రాదు, కొంత గాలినుండియు వచ్చును. నీరు జారిపోయినచో ఆ ప్రయోజనము ఉండదు. కావున ఒక్కసారి కుమ్మరించుటకంటె కొంచెము కొంచెముగా చల్లుటయే శాస్త్రసమ్మతము. గాలిలో తేమ ఎక్కువగా ఉన్ననాడు నీరు త్వరగా ఆవిరి కాదు గనుక ఈ ఉపాయము అంతగా పారదు. ఉక్కపోత దినమున కుండనీరు చల్లబడకుండుటకు కారణమును అదియే.

సాయంకాలపు పాఠము

దాచిన వేడిని తీయుటకంటె దానిని చేరనీయకుండుట సులభము. ఇది మొదటి ప్రశ్నకు సంబంధించినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ రంగురంగుల గుడ్డముక్కలను ఎండలో మంచుమీద పరచి చూచెను. నల్లగుడ్డ క్రింద మంచు ఎక్కువ కరగి గుడ్డ లోతుగా దిగినదని, తెల్లగుడ్డ దిగలేదని ఆయన 1761లో ఒక లేఖలో వ్రాసెను. మంచు లేని బెజవాడలో రెండు డబ్బాలు చాలును. ఒకదానికి మసి, మరియొకదానికి సున్నము పూసి, సమానముగా నీరు పోసి ఎండలో ఉంచినచో గంటలోనే భేదము తెలియును. పాతబడి నల్లబారిన డాబా తనమీద పడిన ఎండలో సగమునకు మించి గ్రహించును. తెల్లని సున్నము అధికభాగమును వెనుకకు పంపివేయును. అహమ్మదాబాదు నగరము 2013లో వడగాడ్పుల నెదుర్కొను ప్రణాళికను చేపట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. ఆ విధానమునకు ఆధారము ఈ రెండు డబ్బాల పాఠమే.

ఇందులో ఒక ఇబ్బంది కలదు. ఎండలు ముదిరిన కాలమున బడులకు సెలవులు. అంతకు ముందు మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు. ఉష్ణమును గురించిన పాఠమును వానకాలమున చెప్పవలసివచ్చినచో, విద్యార్థి చెమర్చిన గోడలను చూచుచు ఎండను ఊహింపవలసివచ్చును. కాని ఒంటిపూట బడి ఈ పాఠమునకు అడ్డు కాదు, అనుకూలమే. ప్రయోగములు ఉదయము తరగతిలో జరుగును. కొలతలు మధ్యాహ్నము, సాయంకాలము, రాత్రి ఇంటిదగ్గర జరుగును. ఒక విద్యార్థి రేకుల ఇంటినుండి, ఒకడు డాబా ఇంటినుండి, ఒకతె కొండవాలునుండి, ఒకతె కాలువగట్టునుండి వచ్చును. రెండు గంటలకు, అయిదింటికి, ఏడింటికి, తొమ్మిదింటికి, మరునాటి తెల్లవారుజామున తమ తమ గదుల ఉష్ణోగ్రతను వ్రాసికొనివచ్చినచో, ఆ అంకెలతో నల్లబల్లమీద గీయు వక్రరేఖలు ఏ పాఠ్యపుస్తకములోను దొరకవు. రేకు గీత నిటారుగా లేచి నిటారుగా పడును. డాబా గీత ఆలస్యముగా లేచి ఆలస్యముగా దిగును. సున్నము వేసిన డాబా గీత దానిక్రింద ఉండును.

ఆ గీతలను చూచిన విద్యార్థికి విశిష్టోష్ణపు నిర్వచనము మరల వల్లించవలసిన పని లేదు. ఇంటికి వెళ్ళి, "నాన్నా! ఈ వేసవికి డాబామీద సున్నం వేయిద్దాం. నానమ్మ మంచాన్ని సాయంత్రం ఆ గదిలోంచి వసారాలోకి మారుద్దాం" అని చెప్పగలిగినచో, ఆ పాఠము నెరవేరినట్లే.